మారాయా, మార్చబడ్డాయా, మార్చిందా?

సందేహం: గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం మాది. 2022లో చిప్‌ల సంస్థ ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) వల్ల కొందరి రైజెన్ ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (మామూలు వేగాన్ని మించి నడిపే) సెట్టింగులు వారికి తెలియకుండానే మారిన సంగతిపై ఒక కరపత్రం రాస్తున్నాను. ‘సెట్టింగులు తమంతట తామే మార్చబడ్డాయి’ అని రాస్తే మా నాన్నగారు తప్పన్నారు. ఏది సరి?

సమాధానం: మీ నాన్నగారి మాటే ఒప్పు. ‘తమంతట తామే’ మనుషులకు. సెట్టింగులకు ‘వాటంతట అవే’ అనాలి. అది చిన్న దోషం. అసలు చిక్కు క్రియలో ఉంది. వాటంతట అవే అన్నామంటే చేసినవారు లేరని చెప్పినట్టు. మార్చబడ్డాయి అన్నామంటే ఎవరో మార్చారని ఒప్పుకున్నట్టు. రెండూ ఒకే వాక్యంలో ఎలా ఇముడుతాయి?

పోనీ, ‘వాటంతట అవే మారాయి’ అందామా? వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ జరిగింది అది కాదు. ఏఎండీ ఆ డ్రైవర్‌తో పాటు వచ్చే తన అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్‌ను సవరించే రైజెన్ మాస్టర్ భాగాన్ని కలిపింది. గ్రాఫిక్స్ కార్డు కోసం దాచుకున్న ప్రొఫైల్‌ను (సెట్టింగుల జాబితాను) లోడ్ చేయగానే ఆ సాఫ్ట్‌వేర్ బయోస్‌లోని (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట పనిచేసే ప్రోగ్రామ్‌లోని) ప్రాసెసర్ సెట్టింగులనూ కదిపింది. లోపం ఉన్నట్టు ఆ సంస్థే ఒప్పుకుంది. ఇంత స్పష్టంగా ఉన్న కర్తను దాచడం దేనికి? ‘డ్రైవర్ మార్చింది’ అనండి. బస్సు డ్రైవరైతే మార్చాడు. ఇది ప్రాణం లేని వస్తువు, వ్యాకరణంలో అమహత్తు గనుక మార్చింది.

ప్రాణం లేనిది కర్త అవుతుందా అని మీ నాన్నగారు అడగవచ్చు. గాలి తలుపు మూసింది అనే బదులు ‘గాలికి తలుపు మూసుకుంది’ అనడమే మనకు అలవాటు. అయినా గడియారం గంట కొట్టింది, రైలు కూత వేసింది అంటూనే ఉన్నాం కదా! పైగా ‘డ్రైవర్‌కు సెట్టింగులు మారాయి’ అంటే డ్రైవర్ సొంత సెట్టింగులే మారాయనుకుంటారు.

‘మారిపోయాయి’ మాత్రం మంచి తెలుగు. ‘పోవు’ చేరితే మన ప్రమేయం లేకుండా జరిగిందన్న బాధ పలుకుతుంది. దుకాణానికి వచ్చినవారు ‘మారిపోయాయండీ’ అనడమే సహజం. కారణం చెప్పవలసిన మీరు అంటే తప్పించుకున్నట్టుంటుంది.

‘మార్చబడ్డాయి’లోని ‘బడు’ను పూర్తిగా వెలివేయమనను. ‘ఇచ్చట పంక్చర్లు వేయబడును’ అన్న బోర్డు చూసి వేసేది ఎవరని ఎవరూ అడగరు. మీ కరపత్రం చదివేవారు అడుగుతారు. కాబట్టి ఇలా రాయండి: ‘గ్రాఫిక్స్ ప్రొఫైల్‌ను లోడ్ చేసినప్పుడు, మిమ్మల్ని అడగకుండానే డ్రైవర్ ప్రాసెసర్ సెట్టింగులను మార్చింది. బయోస్‌లోకి వెళ్లి ఒకసారి సరిచూసుకోండి.’