ఊరు మారినా ఆమె మారకూడదు

ప్రశ్న: బొమ్మలతో నడిచే నా గ్రాఫిక్ నవల్లో అమ్మాయి ఏ ఊళ్లోనూ ఆర్నెల్లు నిలవదు. 140 పేజీలు అనుకున్నాను. నలభై దాటేసరికి రైలు, కొత్త గది, కొత్త ఉద్యోగం, మళ్లీ రైలు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: ప్రయాణాల పేజీలు కోసేయండి. కిటికీ, వెనక్కి పరిగెత్తే చెట్లు గీయడానికి బాగుంటాయి, అంతే. కథంతా ఆమెకు వెళ్లిపోవాలనిపించిన క్షణంలో ఉంటుంది. దాన్ని మాటల్లో చెప్పించకండి. ఆరు గడుల పేజీ తీసుకోండి. ఆరింటిలోనూ అదే వంటగది, అదే కోణం. మొదటి గడిలో గిన్నెలు కడుగుతోంది. రెండో దాంట్లో పక్కగదిలోంచి ఎవరో పిలిచారు. మూడులో కుళాయి కట్టేసింది. నాలుగు, ఐదుల్లో చేతులు తుడుచుకుంటూనే ఉంది. ఆరోది ఖాళీ వంటగది, బల్ల మీద తడిగుడ్డ. పేజీ తిప్పితే స్టేషన్. ఈ పేజీ కుడివైపే పడాలి. ఎడమవైపు పడిందా, స్టేషన్ పక్కనే కనబడిపోతుంది, ఇంకేముంది తిప్పడానికి! అందుకే థంబ్‌నెయిల్స్, అంటే పేజీల చిన్న చిత్తు బొమ్మలు, ఎప్పుడూ ఎదురెదురు పేజీల జతలుగా వేసుకోవాలి. అగ్గిపెట్టె సైజు చాలు.

ఊళ్లకు పేజీలు సమానంగా పంచకండి. ఒకటి 35 పేజీలు తినొచ్చు, ఇంకొకటి ఒక్క గడిలో పోవచ్చు. ఊపిరాడని ఊరికి పేజీకి తొమ్మిది ఇరుకు గడులు, మనసు నిలిచిన ఊరికి రెండో మూడో.

ప్రశ్న: పదో పేజీలో మొహానికీ అరవయ్యో పేజీలో మొహానికీ పోలిక లేదు.

జవాబు: కిందటి పేజీ చూసి తర్వాతి పేజీ గీస్తున్నట్టున్నారు. వెంట్రుకవాసి తేడా పేజీపేజీకీ పెరుగుతూ పోతుంది. ముందు, పక్క, ముప్పాతిక, వెనక కోణాల్లో ఆమె ఎలా ఉంటుందో చూపే మోడల్ షీట్ గీసి కళ్లెదుట అంటించండి. ఒళ్లు తలకు ఏడింతల ఎత్తు అని పెట్టుకుంటే చివరిదాకా ఏడే. ఊరూరా జుట్టూ బట్టలూ మార్చే పాత్రకు అవి గుర్తులు కావు. మెడ, భుజాలు, నిలబడే తీరు కావాలి. బొమ్మ మొత్తం నలుపుతో నింపి చూడండి, అప్పుడూ ఆమేనని తెలియాలి.

ప్రశ్న: పాత్రల మాటలు రాసే బెలూన్లలో తెలుగు వరసలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

జవాబు: పై వరస వత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. 10 పాయింట్ల అక్షరానికి వరసల ఎడం 15తో మొదలుపెట్టి, 'లక్ష్మి' కింద 'కీ' వచ్చేలా రాసి చూడండి, తగిలితే 16. ముందు అక్షరాలు, ఆ తర్వాతే చుట్టూ బెలూన్. 'వెళ్లిపోవాలనుకుంటున్నాను' అన్న ఒక్క మాటే బెలూన్ వెడల్పంతా మింగేస్తుంది. విరిచి రెండు వరసల్లో పెడితే చదవబుద్ధి కాదు, 'వెళ్లిపోతా' అనిపించండి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోతుంటే అందులోని వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోండి.

ప్రశ్న: ప్రెస్సుకు ఎలా పంపాలి?

జవాబు: నలుపు గీత 600 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), రంగు 300. అంచు దాకా బొమ్మ ఉంటే చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ గీయండి, మాటలు మాత్రం అంచుకు దూరంగా. 16 పేజీల ఫారాలైతే (ఒక్కో పెద్ద కాగితం మడిస్తే 16 పేజీలు) 140 కుదరదు, 144 చేయండి. ఆ నాలుగూ టైటిల్ పేజీలకు సరిపోతాయి.