తోలు తీసేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజుకు మొదటిసారి కుటుంబమంతా కేఎఫ్‌సీకి వెళ్ళాము. ఎముకతో ఉన్న చికెన్ ముక్కలు, ఫ్రెంచ్ ఫ్రైస్, కూల్‌డ్రింకులు తీసుకున్నాము. రుచి అందరికీ నచ్చింది. ఇక ప్రతి ఆదివారం వెళ్దామని పిల్లలు పట్టుబడుతున్నారు. మా వారికి బీపీ ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఆయన పైనున్న కరకరలాడే పొరనూ తోలునూ తీసేసి తిన్నారు కాబట్టి తనకేమీ కాదంటున్నారు. చికెన్‌లో మంచి ప్రొటీన్ ఉంటుంది కదా, ఇది నిజంగా అంత చెడ్డదా?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ప్రొటీన్ గురించి మీరన్నది నిజమే. తోలు తీసి, నూనె లేకుండా కాల్చిన కోడి ఛాతీ మాంసం 100 గ్రాములలో సుమారు 31 గ్రాముల ప్రొటీన్, 165 కేలరీలు ఉంటాయని అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికలు చెబుతున్నాయి. అదే మాంసాన్ని తోలుతోపాటు పిండిలో ముంచి వేయిస్తే, 100 గ్రాములకు కేలరీలు 260 దాకా పెరుగుతాయి. నాలుగు గ్రాములలోపు ఉన్న కొవ్వు 13 గ్రాములవుతుంది. ఈ అదనపు కొవ్వులో చాలా భాగం తోలులోనూ పైపొరలోనూ ఉంటుంది కనుక, కొవ్వు మటుకు మీవారు చేసింది సరైన పనే. (రుచంతా ఆ పొరలోనే ఉన్నప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టడానికి అంతదూరం వెళ్ళడమెందుకని మీ పిల్లలు అడిగితే నా దగ్గర సమాధానం లేదు.)

అయితే బీపీ ఉన్న మనిషి విషయంలో నేను ముందు చూసేది కొవ్వును కాదు, ఉప్పును. ఇటువంటి వంటకాలలో ముక్కలను వేయించడానికి ముందే ఉప్పు, మసాలాలు పట్టించి నానబెట్టడం మామూలు. ఆ ఉప్పు కండలోకి దిగి నీటిని పట్టి ఉంచడం వల్లనే, అంత వేడి నూనెలో వేగినా ముక్క లోపల ఎండిపోకుండా మెత్తగా ఉంటుంది. అందుచేత పైపొరను తీసేస్తే నూనె, పిండితోపాటు వాటిలోని ఉప్పు కొంత పోతుంది గాని, లోపలికి దిగినది అక్కడే ఉంటుంది. అమెరికాలో కేఎఫ్‌సీ ప్రకటించే పోషక వివరాల ప్రకారం అక్కడి ఒరిజినల్ రెసిపీ ఛాతీ ముక్క ఒక్కదానిలోనే వెయ్యి మిల్లీగ్రాములకు మించి సోడియం ఉంటుంది, అంటే రెండున్నర గ్రాముల ఉప్పుకు పైమాటే. మీరు తిన్న ముక్కకు సరిగ్గా ఇదే లెక్క వర్తించకపోవచ్చు గాని, ఈ తరహా వంటలో ఉప్పు ఏ స్థాయిలో ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పెద్దవారు రోజు మొత్తం మీద తీసుకునే ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలూ అదే పరిమితిని పేర్కొన్నాయి. ఉదయం ఇడ్లీలోకి కారప్పొడి, మధ్యాహ్నం పప్పన్నంలోకి ఆవకాయ వేసుకున్న మనిషి సాయంత్రం ఇటువంటి ముక్కలు రెండు తింటే, ఆ పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఫ్రైస్, కూల్‌డ్రింకుల విషయంలో నాకు సందేహమేమీ లేదు. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 27 గ్రాముల చక్కెర తప్ప ఒంటికి పనికివచ్చేది ఏమీ ఉండదు. ముక్కను తినండి, ఆ రెండింటినీ మానండి. పది లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్ళు మెనూలో కేలరీలు చూపాలన్న నిబంధన 2022 జులై నుంచి అమలులో ఉంది కనుక, ఆర్డరు ఇచ్చే ముందు ఆ అంకెలు చూడమని పిల్లలకే అప్పగించండి. కానీ అక్కడ కేలరీలు తక్కువగా కనబడినంత మాత్రాన ఉప్పు కూడా తక్కువేనని మీవారు అనుకోకూడదు.

ప్రతి ఆదివారం అన్నదానికి మాత్రం ఒప్పుకోకండి. నెలకొకసారి చాలు. ఆ రోజు మీవారు ఒక్క ముక్కతో ఆగి, మిగతా పూటలలో పచ్చళ్ళు, అప్పడాలు, వడియాలు మానుకోవాలి.

ప్రశ్న: ఇటువంటి పెద్ద హోటళ్ళకంటే మా వీధి చివర బండి మీద వేసే చికెన్ పకోడీయే నయం కదా, కళ్ళముందే వేయిస్తారు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కళ్ళముందు వేయిస్తున్నది నిజమే గాని, ఆ నూనె ఎన్నాళ్ళనుంచి మూకుడులో ఉందో మీకు కనబడదు. పదే పదే కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలనే విరిగిన పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని 2018 జులై నుంచి మన దేశంలో నిబంధన ఉంది. వేయించడానికి రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే సంస్థలు దాని లెక్కలు రాసి ఉంచాలి. చిన్న బండికి ఆ బాధ్యత లేదు. బండివాళ్ళందరూ పాత నూనెనే వాడతారని నేను అనను. నూనె నల్లబడి, చిక్కబడి, ముక్క వేయకముందే నురగ కట్టి పొగలు వస్తుంటే అక్కడ తినకండి. తేటగా ఉంటే, మొదటి జవాబులో చెప్పిన ఉప్పు, కొవ్వు లెక్కలే ఆ పకోడీకీ వర్తిస్తాయి.