ఛాతీ ఆపరేషన్‌కు వెళ్లే ముందు

చిరంజీవి రవికి, ఆశీస్సులు.

రొమ్ము పెరిగిందని, దానికి ఆపరేషన్ గురించి నువ్వు అడిగినదాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మగవాళ్లకు రొమ్ము పెరగడాన్ని గైనకోమాస్టియా అంటారు. చాలామందికి ఉంటుంది, బయటికి చెప్పుకోరు, అంతే. ఆపరేషన్ సంగతికి వచ్చేముందు నీ ఛాతీలో పెరిగింది రొమ్ము గ్రంథో కొవ్వో తేల్చుకో.

వెల్లకిలా పడుకుని బొటనవేలు, చూపుడువేలు చనుమొనకు రెండు పక్కలా ఆనించి మెల్లగా దగ్గరికి తీసుకురా. మొన కింద రబ్బరు బిళ్లలాంటిది అడ్డు తగిలితే అది గ్రంథి. ఏ అడ్డూ లేకుండా వేళ్లు దగ్గరైతే ఉన్నది కొవ్వే. కొవ్వు బరువుతో పాటు తగ్గుతుంది. గ్రంథి మాత్రం ఎన్ని దండాలు తీసినా కరగదు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. గడ్డ ఒకవైపే, మొనకు పక్కగా, రాయిలా గట్టిగా తగిలినా, మొన నుంచి రక్తం కారినా, చర్మం లోపలికి లాగినట్టున్నా అందం సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి. అరుదే గానీ రొమ్ము క్యాన్సర్ మగవాళ్లకూ వస్తుంది.

తర్వాత కారణం. ఎదిగే వయసులో వచ్చింది ఎక్కువమందికి 6 నెలల నుంచి 2 ఏళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. నీకిప్పుడు 23, పదో తరగతి నుంచీ ఉందన్నావు. అన్నేళ్లు నిలిచిన గ్రంథి నారలా గట్టిపడిపోతుంది, దానిమీద మాత్రలు పెద్దగా పనిచేయవు. అయినా రక్తపరీక్షలు మానొద్దు: టెస్టోస్టిరాన్, ఎస్ట్రాడయాల్, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, బీటా హెచ్‌సీజీ అనే హార్మోన్లు, ఇంకా థైరాయిడ్, లివర్, కిడ్నీ. వృషణాలను కూడా డాక్టరు చేత్తో పరీక్షించాలి. అక్కడి గడ్డ వల్ల కూడా రొమ్ము పెరగొచ్చు. జిమ్‌లో ఎవరైనా ఇచ్చిన స్టెరాయిడ్లు గానీ, జుట్టు రాలకుండా వాడే ఫినస్టరైడ్ గానీ వాడి ఉంటే దాచకుండా చెప్పు. కారణం అలాగే ఉండగా గ్రంథి తీయించుకుంటే మిగిలిన కాస్త కణజాలమూ మళ్లీ పెరగొచ్చు.

ఇక ఆపరేషన్. నిన్ను నిలబెట్టి స్కెచ్ పెన్‌తో గుర్తులు పెట్టాలి, పడుకుంటే ఛాతీ ఆకారం మారిపోతుంది. మత్తు ఇచ్చాక, రక్తనాళాలను ముడిచే అడ్రినలిన్, నొప్పి తెలియకుండా చేసే లిగ్నోకైన్ కలిపిన సెలైన్‌ను చర్మం కిందికి ఎక్కించి, రక్తనాళాలు ముడుచుకునేదాకా పది పదిహేను నిమిషాలు ఆగుతారు. ఈ ఆగడంలో తొందరపడితే రక్తం ఎక్కువ పోతుంది. తర్వాత 3, 4 మిల్లీమీటర్ల గొట్టంతో కొవ్వు లాగుతారు. గ్రంథి ఆ గొట్టంలోంచి అంత తేలిగ్గా రాదు. దానికి మొన చుట్టూ ఉండే నల్లటి వలయం కింది అంచున అర్ధచంద్రాకారంలో కోత పెట్టి, కోసి తీయాలి. గ్రంథి గట్టిగా ఉన్నవాడికి కొవ్వు మాత్రమే లాగి పంపిస్తే మొన కింద ఉబ్బు అలాగే మిగిలిపోతుంది.

అలాగని మొత్తం ఊడ్చేయకూడదు. మొన కింద దాదాపు ఒక సెంటీమీటరు మందం గ్రంథి పొర ఉంచాలి. లేకపోతే మొన ఛాతీకి అతుక్కుపోయి అక్కడ సాసర్‌లా గుంట పడుతుంది. దాన్ని సరిచేయడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం. అందుకే సర్జన్‌ను కలిసినప్పుడు "మొన కింద ఎంత ఉంచుతారు?" అని అడుగు. విసుక్కోకుండా బొమ్మ గీసి చూపించేవాడి దగ్గరే చేయించుకో. ఆయనకు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందో లేదో చూడు. మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేదాకా గదిలోనే ఉంటారా అనీ అడుగు. తీసిన గ్రంథిని బయాప్సీకి, అంటే క్యాన్సర్ లాంటిదేమైనా ఉందేమో ల్యాబులో చూసే పరీక్షకు, పంపమని చెప్పు.

ఇన్సూరెన్స్ పాలసీలు అందం కోసం చేసే ఆపరేషన్లకు సాధారణంగా డబ్బు ఇవ్వవు, కాబట్టి మొత్తం ఖర్చు ముందే రాయించుకో.

సిగరెట్ 4 వారాల ముందే మానాలి. పొగ వల్ల మొనకు రక్తం సరిగా అందక చర్మం చచ్చిపోవచ్చు. ఆస్పిరిన్, బ్రూఫెన్, చేపనూనె మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో డాక్టరును అడుగు. గుండె కోసం ఇచ్చిన ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఆపరేషన్ అయ్యాక అసలు భయపడాల్సింది మొదటి 24 గంటలకే. ఒకవైపు ఉన్నట్టుండి ఉబ్బి, బిగుసుకుపోయి, నొప్పి పెరుగుతుంటే లోపల రక్తం చేరుతోందని అర్థం. అర్ధరాత్రయినా ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగకూడదు. అందుకే హైదరాబాద్‌లో చేయించుకుని అదే సాయంత్రం బస్సెక్కి ఊరికి పోదామనుకోవద్దు. రెండు రాత్రులు ఆసుపత్రి దగ్గర్లోనే ఉండు.

బిగుతు వెస్ట్ దాదాపు 6 వారాలు వేసుకోవాలి, మొదట్లో రాత్రీ పగలూ. రెండు కొనుక్కో, ఒకటి ఉతికితే ఒకటి. దాని మడత ఛాతీమీద నొక్కుకుంటే అక్కడ గీత పడుతుంది, రోజూ సర్దుకుంటూ ఉండాలి. మన మే నెల ఎండల్లో ఆ వెస్ట్ భరించలేవు, డిసెంబరు, జనవరి మేలు. మొదటి రెండు వారాల్లో లోపల నీళ్లు కదిలినట్టు అనిపిస్తే సూదితో తీసేస్తారు. మొన మొద్దుబారడం, కింద గట్టిగా తగలడం కొన్ని నెలలుంటాయి. మూడో వారంలో అద్దం చూసి దిగులు పడకు, ఆకారం కుదురుకోవడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. నడక మర్నాటి నుంచే మొదలుపెట్టొచ్చు. బెంచ్ ప్రెస్ మాత్రం 6 వారాల దాకా వద్దు.

ఆపరేషన్ రోజున ముందువైపు గుండీలున్న వదులు చొక్కా తెచ్చుకో. టీషర్టు అయితే చేతులు పైకెత్తాలి, అది కుదరదు. తేదీ ఖాయమయ్యాక ఫోన్ చెయ్, తోడుగా నేనొస్తాను.

మీ మామయ్య