యూఎస్‌బీ తగిలించండి, కంట్రోల్ లూప్‌ను మాత్రం దాని చేతిలో పెట్టకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి: రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో (ఆర్‌టీఓఎస్, అంటే పనులు గడువులోపు జరిగేలా చూసేది) నడిచే కంట్రోలర్లకు యూఎస్‌బీ పరికరాలు కలపడం. మిగతావి వచ్చేసారికి ఉంచి, ఈ మూడే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా కంట్రోల్ లూప్ (సెన్సర్ చదివి, లెక్కకట్టి, అవుట్‌పుట్ ఇచ్చే చక్రం) ప్రతి 1 మిల్లీసెకనుకు ఒకసారి నడుస్తుంది. మేం కొన్న సెన్సర్‌కు యూఎస్‌బీ తప్ప వేరే దారి లేదు. ల్యాప్‌టాప్‌కు పెడితే వెంటనే పనిచేస్తోంది, కంట్రోలర్ అసలు గుర్తించడం లేదు. గుర్తించేలా చేసుకుంటే లూప్‌లో వాడుకోవచ్చా?

జవాబు: ల్యాప్‌టాప్‌లో పనిచేసేది డ్రైవర్ వల్ల, ఆ డ్రైవర్ మీ కంట్రోలర్‌లో లేదు, అంతే. విండోస్ కోసం రాసిన డ్రైవర్ ఆర్‌టీఓఎస్ మీద నడవదు. ఫ్రీఆర్‌టీఓఎస్ అనే ఆర్‌టీఓఎస్ కెర్నల్‌లోనైతే యూఎస్‌బీ హోస్ట్ స్టాకే (యూఎస్‌బీ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) ఉండదు, చిప్ కంపెనీ ఇచ్చేదో టైనీయూఎస్‌బీ లాంటిదో మీరే కలుపుకోవాలి. అది కలిపాక కూడా, సెన్సర్ హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్ తరహా), సీడీసీ (సీరియల్ పోర్టు తరహా) లాంటి ప్రామాణిక క్లాస్‌కు చెందినదైతే సులువుగా దారిలోకి వస్తుంది. కంపెనీ సొంత ప్రోటోకాల్ పెట్టుకున్నదైతే ఆ ప్రోటోకాల్ వివరాలు వాళ్ల దగ్గర సంపాదించి డ్రైవర్ మీరే రాసుకోవాలి. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఇక లూప్‌లో వాడటం. ఇక్కడ నా మాట గట్టిగానే చెప్తాను, వద్దు. మీరు వాడే యూఎస్‌బీ 2.0లో పరికరం తనంతట తాను మాట్లాడదు, హోస్ట్ (ఇక్కడ మీ కంట్రోలర్) అడిగితేనే జవాబిస్తుంది. ఇంటరప్ట్ ట్రాన్స్‌ఫర్ అనే పేరు చూసి చాలామంది మోసపోతారు, అదీ హోస్ట్ మాటిమాటికీ అడగడమే, ప్రాసెసర్ పిన్ మీద వచ్చే ఇంటరప్ట్‌కూ దానికీ సంబంధం లేదు. ఫుల్ స్పీడ్‌లో (పేరు అలా ఉన్నా హై స్పీడ్ కంటే నెమ్మదైనది) ఫ్రేమ్, అంటే ఒక విడత, 1 మిల్లీసెకను కాబట్టి అంతకంటే తరచుగా అడగడం కుదరదు, మీ లూప్ కూడా సరిగ్గా అంతే, పైగా ఆ రెండు గడియారాలూ వేర్వేరు. హై స్పీడ్‌లో 125 మైక్రోసెకన్లకు ఒకసారి అడగొచ్చు, కానీ స్టాక్‌లో పట్టే సమయం, ఒక ప్యాకెట్ చెడితే మళ్లీ పంపడానికి పట్టే సమయం ఎప్పుడూ ఒకేలా ఉండవు. పెన్‌డ్రైవ్‌లు వాడే బల్క్ ట్రాన్స్‌ఫర్‌కైతే సమయం మీద హామీయే లేదు. ఆడియో, వీడియోలకు వాడే ఐసోక్రోనస్ ట్రాన్స్‌ఫర్‌కు బ్యాండ్‌విడ్త్ హామీ ఉంది, కానీ పాడైన డేటా మళ్లీ రాదు.

యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ పెట్టి గట్టెక్కుదామని అనుకుంటారేమో. ఈ కన్వర్టర్లలో తరచుగా కనిపించే ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్‌లలో లేటెన్సీ టైమర్ అని ఒకటుంది, మామూలుగా 16 మిల్లీసెకన్లకు పెట్టి ఉంటుంది. నాలుగు బైట్లు వచ్చినా వెంటనే పంపకుండా బఫర్ నిండేదాకానో ఆ టైమర్ అయిపోయేదాకానో చిప్ ఆగుతుంది. అంటే మీ లూప్ 16 సార్లు తిరిగేలోపు పాత విలువే చూస్తూ ఉండొచ్చు. టైమర్ తగ్గించుకోవచ్చు, అయినా 1 మిల్లీసెకను కంటే కిందికి దిగదు.

ఉష్ణోగ్రత లాంటి నిదానంగా మారే కొలత అయితే వేరే టాస్క్‌లో చదివి, విలువతో పాటు అది వచ్చిన సమయం కూడా రాసి ఉంచండి, లూప్ ఆ తాజా విలువ తీసుకుంటుంది. మోటార్ పొజిషన్ లాంటిదైతే ఎస్‌పీఐ, క్యాన్, ఈథర్‌క్యాట్ అనే కనెక్షన్లలో ఏదో ఒకటి ఉన్న సెన్సర్‌కు మారడమే మంచిది.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో డేటా లాగ్ చేస్తున్నాం. రోజంతా బాగానే ఉండి ఉన్నట్టుండి లూప్ డెడ్‌లైన్ తప్పుతోంది. కరెంటు పోతే ఫైల్ 0 బైట్లు అని చూపిస్తోంది.

జవాబు: మీరు రాయలేదు గానీ, కంట్రోల్ టాస్క్‌లోనే ఫైల్ రైట్ పిలుస్తున్నారని నా అనుమానం. పెన్‌డ్రైవ్ లోపలి ఫ్లాష్ చెరిపి రాసుకుంటూ, బ్లాకులు సర్దుకుంటూ ఉంటుంది, మామూలుగా కొన్ని మిల్లీసెకన్లలో అయ్యే రైట్ అప్పుడప్పుడూ వందల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అప్పటిదాకా మీ లూప్ దాని కోసం కూర్చోవాలి.

కంట్రోల్ టాస్క్ శాంపిల్‌ను క్యూలో (మెమరీలోని వరుసలో) వేసి వెళ్లిపోవాలి, వెయిట్ టైమ్ సున్నా. క్యూ నిండితే ఆ శాంపిల్ వదిలేసి ఒక కౌంటర్ పెంచండి, ఎన్ని పోయాయో తర్వాత తెలుస్తుంది. తక్కువ ప్రయారిటీ టాస్క్ ఒకటి దాన్ని ఖాళీ చేస్తూ పెన్‌డ్రైవ్‌లో రాస్తుంది. శాంపిల్ 16 బైట్లు, సెకనుకు 1000 అనుకుంటే అర సెకను ఆగినా 8 కిలోబైట్లే, 32 కిలోబైట్లు ఉంచితే ధైర్యంగా ఉండొచ్చు. రెండు టాస్క్‌లూ ఒకే మ్యూటెక్స్ (ఒకసారికి ఒక టాస్క్‌కే దొరికే తాళం) పట్టుకునేలా మాత్రం రాయొద్దు, తక్కువ ప్రయారిటీ టాస్క్ దాన్ని పట్టుకుని పెన్‌డ్రైవ్ కోసం ఆగితే కంట్రోల్ టాస్క్ కూడా ఆగిపోతుంది.

సున్నా బైట్ల సంగతికి కారణం పెన్‌డ్రైవ్‌లలో మామూలుగా ఉండే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్. సైజు డైరెక్టరీ ఎంట్రీలో ఉంటుంది, ఫైల్ మూసినప్పుడో సింక్ (అప్పటిదాకా రాసింది డ్రైవ్‌లో ఖరారు) చేసినప్పుడో గానీ అది మారదు. డేటా పెన్‌డ్రైవ్‌లో పడినా సైజు మాత్రం పాతదే. కొన్ని సెకన్లకొకసారి సింక్ చేయండి, గంటకో కొత్త ఫైల్ తెరవండి.

ప్రశ్న: మోటార్ స్టార్ట్ కాగానే యూఎస్‌బీ పరికరం మాయమై మళ్లీ వస్తోంది. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు: కేబుల్ 5 మీటర్లు దాటకూడదు, షీల్డ్ ఉన్నది వాడండి, మోటార్ వైర్లకు దూరంగా నడపండి. పరికరం ఎక్కువ కరెంటు లాగుతుంటే సొంత పవర్ ఉన్న హబ్ పెట్టండి, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపులే. నాయిస్ ఇంకా వస్తుంటే యూఎస్‌బీ ఐసొలేటర్ (రెండు వైపులనూ విద్యుత్తు పరంగా వేరుచేసేది) చూడండి.

ఇవన్నీ చేసినా, అది ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోతుందనే అనుకుని కోడ్ రాయండి. మళ్లీ కలిశాక కనెక్షన్ నిలకడగా ఉందని చూడ్డానికే హోస్ట్ కనీసం 100 మిల్లీసెకన్లు ఆగుతుంది, తర్వాత రీసెట్, ఆపైన డిస్క్రిప్టర్లు (పరికరం తన గురించి చెప్పే వివరాలు) చదవడం. ఆ కాసేపూ మీ దగ్గరున్నది పాత విలువే కాబట్టి, దాని వయసు మీరు పెట్టుకున్న హద్దు దాటగానే అవుట్‌పుట్‌ను సేఫ్ స్థితికి తెచ్చేయండి.