వైరు మెరుస్తున్నా రిగ్గింగ్ మార్చాల్సిందేనా?

1980ల నాటి 30 అడుగుల తెరచాప పడవ కొన్నారు. రిగ్గింగ్, అంటే మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే వైర్లు, ఎప్పుడు మార్చారో పాత యజమానికే తెలియదు. వైరు చూస్తే తళతళలాడుతోంది. మార్చాలా, మారిస్తే మాస్ట్ దింపకుండా కుదురుతుందా అన్నది మీ ప్రశ్న.

మార్చండి. వయసు తెలియని రిగ్గింగ్‌ని గడువు తీరిపోయినదిగానే చూడాలి. ఉప్పునీటిలో తిరిగే పడవ మీద స్టెయిన్‌లెస్ వైరుకి మామూలుగా 10 నుంచి 15 ఏళ్లు లెక్క. వేడి సముద్రాల్లో అంతకంటే ముందే పోతుంది.

మెరుపుని నమ్మొద్దు. వైరు నడిమధ్యలో తెగడం అరుదు, తెగేదంతా చివర్ల దగ్గరే. కింది స్వేజ్ ఫిట్టింగ్ (వైరు చివర మీద నొక్కి బిగించిన లోహపు గొట్టం) పైమూతి నుంచి ఉప్పునీరు లోపలికి దిగి అక్కడే నిలిచిపోతుంది. గాలి తగలని చోట స్టెయిన్‌లెస్‌ని కాపాడే పైపొర మళ్లీ ఏర్పడదు, అందుకే తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. భూతద్దం పెట్టి చూడండి: స్వేజ్ పొడవునా వెంట్రుకలాంటి గీత, వైరు బయటికొచ్చే చోట గోధుమరంగు చార, ఈ రెండిట్లో ఏది కనిపించినా పడవ కదలకూడదు. పాత నూలుగుడ్డతో వైరుని పైనుంచి కిందికి తుడవండి. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడ పోగు తెగినట్టు. ఒక్క పోగు తెగినా ఆ వైరు తీసేయాల్సిందే.

వైరు కొనేముందు చైన్‌ప్లేట్లు (వైర్ల కింది చివర్లని పడవకి పట్టి ఉంచే లోహపు పట్టీలు) ఊడదీయండి. చాలామంది దాటేసేది ఈ పనే, మాస్ట్‌లు కూలడానికి ఇదీ ఒక పెద్ద కారణం. ప్లేటు డెక్‌లోంచి దిగే ఆ రెండు మూడు సెంటీమీటర్లు ఎప్పుడూ తడిగా, గాలి ఆడకుండా ఉంటాయి. పైన మెరుస్తుంది, కింద మెరుస్తుంది, మధ్యలో గుంటలు పడి ఉంటుంది. బయటికి తీసి, శుభ్రం చేసి, రంగుద్రవంతో పగుళ్లు చూసే పరీక్ష చేయండి: ఎర్రద్రవం పూసి పావుగంట ఆగి, తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎర్రగీతలా పైకి తేలుతుంది. గీతగానీ గోరుకి తగిలే గుంటగానీ ఉంటే కొత్త ప్లేటు చేయించండి, పాలిష్ చేసి మళ్లీ పెట్టొద్దు. ఆ రంధ్రం చుట్టూ డెక్ లోపలి చెక్క మెత్తబడి ఉంటే తవ్వి తీసి, ఆరబెట్టి, చిక్కటి ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక కొత్తగా రంధ్రం కోయండి. నీరు దిగకుండా సీల్ చేయడానికి బ్యూటైల్ టేపు బాగుంటుంది.

మాస్ట్ దింపడమే మంచిది. పైన ట్యాంగ్‌లు (వైర్లని మాస్ట్‌కి తగిలించే పట్టీలు), పుల్లీలు, దీపాల వైర్లు, మాస్ట్ అడుగున అల్యూమినియం తుప్పు, ఇవన్నీ చేతికి అందేది అప్పుడే. దింపే వీలే లేకపోతే గాలిలేని రోజు చూసుకుని ఒక్కొక్క వైరే మార్చండి. తీసే వైరు బదులు హాల్యార్డ్‌ని (తెరచాపని పైకి లాగే తాడుని) అటువైపు గట్టి ఆధారానికి బిగించాలి. పైకెక్కే మనిషిని మోసే హాల్యార్డ్ వేరుగా ఉండాలి, తోడుగా రెండో తాడు ఉండాలి.

వైరు 1×19 (19 పోగులు పేనినది), 316 గ్రేడు తీసుకోండి. 304 కంటే కాస్త బలం తక్కువే అయినా తుప్పుని బాగా తట్టుకుంటుంది. పాత వైరు మందం కాలిపర్స్‌తో కొలవండి: 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., అది 8 మి.మీ. కాదు. టెర్మినల్ (వైరు చివర బిగించే ఫిట్టింగ్) లోపలి కోన్ సరిగ్గా ఆ సైజుకే చేసి ఉంటుంది. పొడవుని పైచివర తగిలించే పిన్ను మధ్య నుంచి కిందిచివర పిన్ను మధ్యకి, వైరు బిగువుగా ఉన్నప్పుడు కొలవండి. టర్న్‌బకిల్ (వైరు బిగువుని సర్దే మరల బిగింపు) ఎంత తెరుచుకుని ఉందో కూడా రాసుకోండి. కొత్తవి బిగించేదాకా పాత వైర్లు పారేయొద్దు.

నా సలహా: పైచివర షాపులో స్వేజ్ చేయించి, వైరు అరమీటరు ఎక్కువ ఉంచి, కిందిచివర పడవ దగ్గరే స్టా-లాక్ లాంటి మెకానికల్ టెర్మినల్ వేసుకోండి. కొలత తప్పే భయం ఉండదు. వైరుకి టేపు చుట్టి సన్నపళ్ల రంపంతో కోయండి, కట్టర్ వాడితే పోగులు నలుగుతాయి. ముందు టెర్మినల్ మూతిభాగాన్ని వైరుకి ఎక్కించి, బయటి 12 పోగుల పురి విప్పి, లోపలి 7 పోగుల మీదికి కోన్ తొడగండి. లోపలి పోగులు కోన్ దాటి ఒకటిన్నర, రెండు మి.మీ. బయటికి రావాలి. తర్వాత 12 పోగుల్నీ కోన్ చుట్టూ సమానంగా సర్దండి. అసలు తప్పు జరిగేది ఇక్కడే: కోన్‌కి ఒక చీలిక ఉంటుంది, ఒక పోగు జారి అందులో పడితే కోన్ సరిగ్గా బిగియదు, బరువు మీద వైరు ఊడొస్తుంది. అందుకే ఒకసారి బిగించి, విప్పి, పోగులు సమానంగా వంగాయో లేదో కళ్లారా చూసి, అప్పుడు లోపల సీలెంట్ నింపి, మరలకి థ్రెడ్‌లాకర్ పెట్టి చివరిసారి బిగించండి. తర్వాతెప్పుడైనా విప్పి మళ్లీ వాడితే కోన్ మాత్రం కొత్తది వేయాలి.

టర్న్‌బకిల్ బాడీ కంచుదైతే మేలు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ మర పొడిగా తిప్పితే కరుచుకుపోయి మరి కదలదు, లానోలిన్ గ్రీజు తప్పనిసరి. ప్రతి వైరు కింద టాగిల్ (అటూఇటూ వంగే కీలు) ఉండాలి. ఫోర్‌స్టేకి (మాస్ట్ ముందువైపు వైరుకి), అందులోనూ ఫర్లర్ (తెరచాపని చుట్టే సాధనం) ఉంటే, పైనా కిందా రెండుచోట్లా ఉండాలి. లేకపోతే తెరచాప పక్కకి లాగినప్పుడల్లా ఫిట్టింగ్ మెడ వంగి వంగి విరుగుతుంది. పిన్నులు కూడా కొత్తవే వేయండి.

బిగువుకి గేజ్ లేకపోయినా ఫర్వాలేదు. వైరు చేత్తో బిగించినంత మాత్రంగా ఉన్నప్పుడు 2 మీటర్ల కర్ర పైకొసని వైరుకి కట్టి, కింది కొస దగ్గర వైరు మీద గీత పెట్టండి. ఆ గీత కర్ర కొసకి 1 మి.మీ. దూరం జరిగితే, వైరు తెగే బలంలో 5 శాతం బిగువు వచ్చినట్టు. క్యాప్ ష్రౌడ్‌లకి (మాస్ట్ పైకొస నుంచి పక్కలకి దిగే వైర్లకి) 3 మి.మీ., అంటే 15 శాతంతో మొదలుపెట్టండి. మాస్ట్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి. రెండు వైపులా మార్చి మార్చి ఒక్కో చుట్టు తిప్పుతూ, తెరచాప గాడి వెంట కింద నుంచి పైకి చూస్తూ, లోయర్ ష్రౌడ్‌లతో (మాస్ట్ మధ్యభాగం నుంచి పక్కలకి దిగే వైర్లతో) మాస్ట్‌ని నిటారు చేయండి. కొత్త వైరు మొదటి కొన్ని ప్రయాణాల్లో కొంచెం సాగుతుంది కాబట్టి మళ్లీ బిగించాల్సి వస్తుంది. కాటర్ పిన్నులు (మరలు, పిన్నులు ఊడకుండా వేసే చీలిక పిన్నులు) ఆ తర్వాత వేద్దామని ఆగొద్దు, మొదటి ప్రయాణానికే అన్నీ వేసి, కొసలు కొద్దిగా విడదీసి, తెరచాప చిరగకుండా టేపు చుట్టండి.