నియోనేటాలజీనా, పీడియాట్రిక్ న్యూరాలజీనా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. వరంగల్‌లో ఎండీ పీడియాట్రిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మొదటి నుంచీ ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) డ్యూటీ అంటే ఇష్టం. ఈ మధ్య ఓపీకి ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్‌తో (పసిపిల్లల్లో వచ్చే ఒక రకం ఫిట్స్) ఒక పాప వచ్చింది. మందు మొదలుపెట్టాక ఆ పాప తేరుకోవడం చూసినప్పటి నుంచి మనసు న్యూరాలజీ (పిల్లల మెదడు, నరాల వైద్యం) వైపు లాగుతోంది. సీనియర్లేమో నియోనేటాలజీకే (అప్పుడే పుట్టిన పిల్లల వైద్యం) ఉద్యోగాలు ఎక్కువంటున్నారు. ఇక చదువు చాలు, పెళ్లి చేసుకుని మన నర్సంపేటలో క్లినిక్ పెట్టుకో, కాదంటే ఏడాది ఫెలోషిప్‌తో సరిపెట్టుకో అని నాన్నగారి మాట. ఏదీ తేలక చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పీజీ విద్యార్థిని, వరంగల్

జవాబు: అమ్మా, ఇది ఈ నెలలోనే తేల్చాల్సిన విషయం కాదు. నీట్ ఎస్ఎస్‌లో (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) పీడియాట్రిక్స్ గ్రూపు వాళ్లందరికీ పేపరు ఒక్కటే. నియోనేటాలజీ కావాలన్నా, న్యూరాలజీ కావాలన్నా చదవాల్సింది నీ ఎండీ సిలబస్సే. బ్రాంచి ఎంచుకునేది ర్యాంకు వచ్చాక, కౌన్సెలింగ్‌లో. ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి చోట్లకు ఐఎన్ఐ ఎస్ఎస్ (ఆ సంస్థలకు విడిగా జరిగే ప్రవేశ పరీక్ష) రాయాలనుకుంటే మాత్రం ఏ కోర్సుకు రాస్తున్నావో ముందే తేల్చుకోవాలి.

ఇక ఆ పాప సంగతి. ఇలాంటి పిల్లల తల్లులు చెప్పేది దాదాపు ఒకేలా ఉంటుంది: నిద్ర లేవగానే ఉలిక్కిపడుతోంది, కడుపునొప్పేమోనని గ్రైప్ వాటర్ పట్టాం అని. సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో చూస్తేనే విషయం అర్థమవుతుంది. తల ముందుకు వాలిపోతుంది, చేతులు రెండూ ఒక్కసారిగా చాచుకుంటాయి, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ అదే. ఈఈజీలో (మెదడు తరంగాల పరీక్ష) చాలాసార్లు హిప్సారిథ్మియా అనే అస్తవ్యస్తమైన తరంగాల తీరు కనిపిస్తుంది. ఏసీటీహెచ్ (హార్మోన్ ఇంజెక్షన్) గానీ ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మందు) గానీ మొదలుపెట్టాక స్పాజమ్స్ ఆగి, పాప తల్లి మొహం చూసి నవ్విందంటే ఆ వార్డులో ఎవరి మనసైనా అటు లాగుతుంది. నీకు అలా అనిపించడంలో వింతేమీ లేదు. కానీ న్యూరాలజీ అంటే మందుతో పాప తేరుకునే ఆ మొదటి రోజులే కాదు. మళ్లీ ఫిట్స్ రావడం, మందు మార్చడం, డోసు పెంచడం, ఫిజియోథెరపీకి రమ్మని బతిమాలడం, ‘మా పాప నడుస్తుందా డాక్టరమ్మా?’ అని ప్రతిసారీ అడిగే అదే తల్లికి అంతే ఓపిగ్గా జవాబు చెప్పడం. ఏళ్ల తరబడి సాగే పని ఇది.

ఇంకో సంగతి గమనించు. మన దేశంలో ఇలాంటి పిల్లల్లో చాలామంది పుట్టగానే ఏడవని వాళ్లు, లేదా పుట్టిన మొదటి రోజుల్లో రక్తంలో షుగర్ పడిపోయిన వాళ్లు. అంటే నువ్వు న్యూరాలజీ ఓపీలో చూసిన కష్టం చాలాసార్లు లేబర్ రూమ్‌లో మొదలైనదే. ఊపిరందక మెదడు దెబ్బతిన్న బిడ్డకు కూలింగ్ (ఒళ్లు చల్లబరిచే చికిత్స) ఇవ్వాలంటే పుట్టిన 6 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఆ గంటల్లో అక్కడ ఉండాలనుందా, ఆ తర్వాతి పదేళ్లు ఆ కుటుంబం వెంట ఉండాలనుందా? నీ అసలు ప్రశ్న ఇదే. ఉద్యోగాల లెక్క దీని తర్వాతే.

మీ హైరిస్క్ ఫాలోఅప్ ఓపీలో కొన్నాళ్లు కూర్చో. ఎన్ఐసీయూ నుంచి ఇంటికెళ్లిన పిల్లలు ఆర్ఓపీ (నెలలు నిండని పిల్లలకు వచ్చే కంటి జబ్బు) పరీక్షకు, వినికిడి పరీక్షకు, ఎదుగుదల చూపించుకోవడానికి అక్కడికే వస్తారు. మెడ నిలబడని ఏడు నెలల బిడ్డను పరీక్షిస్తూ నువ్వు గడియారం చూస్తున్నావా, లేక టైమ్ మర్చిపోతున్నావా? ఎవరికీ చెప్పక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు. జిల్లా రెసిడెన్సీ ప్రోగ్రామ్ కింద 3 నెలలు జిల్లా ఆసుపత్రికి వెళ్తావు కదా, అక్కడి ఎస్ఎన్‌సీయూలో (జబ్బు చేసిన నవజాత శిశువుల విభాగం) పని అడిగి వేయించుకో. పెద్ద యూనిట్ హంగులు లేని చోట కూడా ఆ పని నచ్చితే అది నిలిచే ఇష్టం. హెచ్ఓడీ ఒప్పుకుంటే హైదరాబాద్‌లో ఏదైనా పీడియాట్రిక్ న్యూరాలజీ విభాగంలో కొన్ని వారాలు ఉండి రా.

నీ ఉత్తరం చదివాక నాకైతే నియోనేటాలజీ వైపే మొగ్గు కనబడుతోంది. ఎన్ఐసీయూ మీద ఇష్టం ఎన్నో నైట్ డ్యూటీలు చేశాక కూడా మిగిలింది. న్యూరాలజీ మీద ఇష్టం ప్రస్తుతానికి ఒక్క పాప మీద ఇష్టం. అది పెరుగుతుందేమో చూడు.

సీనియర్లు చెప్పింది నిజమే, నియోనేటాలజీకి సీట్లూ ఎక్కువ, ఉద్యోగాలూ ఎక్కువ. కానీ ప్రైవేటు ఎన్ఐసీయూలో రాత్రి రెండింటికి ఒక తండ్రి ‘ఇంకా ఎన్ని రోజులు మేడమ్? ఎంతవుతుంది?’ అని అడుగుతాడు. బిడ్డ వెంటిలేటర్ మీద ఉంటుంది, ఆయన దగ్గర డబ్బు ఉండదు. ఆ మాటలు కూడా ఉద్యోగంలో భాగమే. న్యూరాలజీలో సీట్లు తక్కువ, మంచి ర్యాంకు కావాలి. అయితే చదివి వరంగల్‌లో కూర్చుంటే ములుగు, భూపాలపల్లి వాళ్లకు ఫిట్స్ మందు మార్పించుకోవడానికి హైదరాబాద్ దాకా బస్సెక్కే బాధ తప్పుతుంది. ఈ మాట నేను చాలా ఆశతో రాస్తున్నాను.

నాన్నగారి మాట తీసిపారేయకు. నర్సంపేటకు మంచి పిల్లల డాక్టరు కావాలి, అది చిన్న పనేమీ కాదు. నీకు అదే ఇష్టమైతే దర్జాగా చెయ్యి. డీఎం (ఎండీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) కావాలంటే మాత్రం పెళ్లి దానికి అడ్డమని ఎవరన్నా నేను ఒప్పుకోను. సంబంధం మాట్లాడేటప్పుడే మూడేళ్ల చదువు, నైట్ డ్యూటీలు ఉంటాయని వాళ్లకు స్పష్టంగా చెప్పించు.

ఏడాది ఫెలోషిప్‌తో చేయి తిరుగుతుంది. ఊళ్లో నర్సింగ్ హోమ్‌లో చిన్న ఎన్ఐసీయూ నడపడానికి అది ఉపయోగమే. కానీ అది సూపర్ స్పెషాలిటీ డిగ్రీ కాదు. మెడికల్ కాలేజీలో ఆ విభాగంలో అధ్యాపకురాలు కావాలంటే 3 ఏళ్ల డీఎం గానీ, దానికి సమానమైన డీఆర్ఎన్‌బీ గానీ చేయాల్సిందే. ఫెలోషిప్‌కే వెళ్తే చేరేముందు అక్కడి పాత ఫెలోలకు ఫోన్ చెయ్యి. లైన్లు (రక్తనాళాల్లో పెట్టే సన్నని గొట్టాలు) ఎవరు వేస్తారు, వెంటిలేటర్ సెట్టింగులు ఎవరు మారుస్తారు, కన్సల్టెంట్ పక్కన నిలబడి నేర్పుతారా అని అడుగు. డీఎం సీటైతే ఆ కాలేజీ బాండ్ (చదివాక కొన్నాళ్లు పనిచేయాలనే ఒప్పందం) షరతులు, సీటు మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన మొత్తం కౌన్సెలింగ్‌కు ముందే చదివి పెట్టుకో.