పైలట్ ట్రైనింగ్‌కి వెళ్తున్న తమ్ముడికి పాలసీ: ఫారంలో ఫ్లయింగ్ అని రాయాలా?

మీరు అడిగింది ఇదీ: ఉండేది ఒడిశాలోని బరంపురం, తమ్ముడికి 19 ఏళ్లు, మహారాష్ట్రలోని గోండియాలో ఫ్లయింగ్ ట్రైనింగ్‌కి సీటొచ్చింది. నాన్నగారిని కలుపుకుని 50 లక్షల ఎడ్యుకేషన్ లోన్ పెడుతున్నారు. "స్టూడెంట్ అని రాస్తే చాలు, విమానం గొడవ ఎందుకు, యాక్సిడెంట్ రైడర్ కలిపితే డబుల్ వస్తుంది" అని ఇచ్ఛాపురం ఏజెంటు అంటున్నాడు. నామినీగా మీ పేరే పెడదామనుకుంటున్నారు.

ఫ్లయింగ్ అని రాయాలి. రైడర్ (పాలసీకి అదనంగా డబ్బు కట్టి కలుపుకునే కవర్) వద్దు. నామినీగా మీరు వద్దు, అమ్మగారిని పెట్టండి. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాను.

ఏజెంట్లు ధైర్యం చెప్పేది 1938 ఇన్సూరెన్స్ చట్టంలోని సెక్షన్ 45 చూపించి. పాలసీకి 3 ఏళ్లు నిండితే కంపెనీ ఇక ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించలేదు, నిజమే. కానీ సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ట్రైనింగ్ ఎంతకాలం? 200 గంటల ఫ్లయింగ్ సాఫీగా సాగితే ఏడాదిన్నర, వర్షాకాలం, విమానాల కొరత కలిస్తే రెండేళ్లు, ఆ పైన. అంటే మీ తమ్ముడు చిన్న విమానంలో ఒక్కడే ఎగిరే కాలమంతా ఆ 3 ఏళ్ల లోపలే పడుతుంది. ఆ సమయంలో వచ్చే క్లెయిమ్‌ను కంపెనీ తప్పకుండా తవ్వుతుంది. తవ్వడానికి కష్టపడక్కర్లేదు కూడా: విమాన ప్రమాదాన్ని ప్రభుత్వ ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీ పరిశోధించి నివేదికను బయటపెడుతుంది, నడిపినవాడు ట్రైనీ అని, ఎన్ని గంటల అనుభవమో అందులోనే ఉంటుంది. ఇంకో మెలిక: ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్స్ అయి మళ్లీ రివైవ్ చేస్తే ఆ 3 ఏళ్ల లెక్క రివైవల్ తేదీ నుంచి కొత్తగా మొదలవుతుంది. కాబట్టి ప్రీమియం నాన్నగారి ఖాతా నుంచి ఆటో డెబిట్ పెట్టండి, హాస్టల్లో ఉన్న కుర్రాడి ఖాతా నుంచి కాదు.

రైడర్ సంగతి. యాక్సిడెంట్ రైడర్లలోనూ, విడిగా అమ్మే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లోనూ మినహాయింపుల పేజీలో దాదాపు ఒకే మాట ఉంటుంది: టికెట్ కొని ప్రయాణించే ప్యాసింజర్‌గా తప్ప వేరే ఏ హోదాలో విమానంలో ఉన్నా వర్తించదు. ట్రైనీ పైలట్ ప్యాసింజర్ కాదు. డబుల్ రావడం కాదు, ఆ భాగానికి కట్టిన డబ్బు విమానం వరకూ వృథా. గోండియా రోడ్ల మీద బైక్ ప్రమాదానికి పనికొస్తుంది, అంతే. (ఆ బైక్‌కి ఓనర్-డ్రైవర్ పీఏ (పర్సనల్ యాక్సిడెంట్) కవర్ 15 లక్షలది ఉందో లేదో చూసుకోండి. తెల్లవారుజామున నిద్రమత్తులో ఎయిర్‌ఫీల్డ్‌కి బండి మీద వెళ్లడం కూడా చిన్న రిస్కేం కాదు.)

మీకు కావలసింది రైడర్లు లేని మామూలు టర్మ్ పాలసీ, అంటే నిర్ణీత కాలంలో మరణిస్తేనే డబ్బొచ్చేది. మొదటి 12 నెలల్లో ఆత్మహత్య తప్ప, ఏ కారణంతో మరణించినా డబ్బొస్తుంది, ఫ్లయింగ్ చెప్పి తీసుకుని ఉంటే, పాలసీలో విడిగా ఏవియేషన్ మినహాయింపు వేయకుండా ఉంటే. ఈ రెండో షరతే ముఖ్యం. నిజం చెప్పాక కంపెనీ నాలుగింట్లో ఒకటి చేస్తుంది: మామూలు ప్రీమియానికే ఇస్తుంది, ఎక్స్‌ట్రా వేసి ఇస్తుంది, ఏవియేషన్ మరణాన్ని మినహాయించి ఇస్తుంది, లేదా ట్రైనింగ్ అయ్యాక రమ్మంటుంది. ఎక్స్‌ట్రా వేస్తే సాధారణంగా కవర్‌లో ప్రతి వెయ్యికి ఇన్ని రూపాయలని లెక్క. ఉదాహరణకి వెయ్యికి 3 రూపాయలు వేశారనుకోండి, 75 లక్షల కవర్‌కి (అంత ఎందుకో లోన్ దగ్గర చెప్తాను) అది ఏడాదికి 22,500. చేదుగానే ఉంటుంది, కానీ మినహాయింపుతో చవగ్గా వచ్చే పాలసీ కంటే ఇదే మేలు. ఉద్యోగం వచ్చి ఎయిర్‌లైన్‌లో చేరాక ఆ ఎక్స్‌ట్రాను మళ్లీ పరిశీలించమని రాతపూర్వకంగా అడగొచ్చు.

నాలుగైదు కంపెనీలకి ఒకేసారి అప్లై చేయకండి. ప్రతి ప్రపోజల్ ఫారంలో "ఇంతకుముందు ఏ కంపెనీ అయినా తిరస్కరించిందా, వాయిదా వేసిందా, ఎక్స్‌ట్రా వేసిందా" అనే ప్రశ్న ఉంటుంది. ఒక్కచోట వాయిదా పడితే మిగతా అన్నిచోట్లా అవును అని రాయాలి. ముందు కంపెనీ అండర్‌రైటింగ్ వాళ్లకి (రిస్క్ చూసి పాలసీ ఇవ్వాలో వద్దో తేల్చేవాళ్లకి) ఈమెయిల్‌లో అడిగించండి: 19 ఏళ్ల విద్యార్థి, సీపీఎల్ ట్రైనింగ్, ఇంత కవర్, తీసుకుంటారా, ఏ షరతు మీద. సరే అన్నాకే ఫారం. అప్పుడు ఏవియేషన్ ప్రశ్నాపత్రం విడిగా ఇస్తారు. ఇప్పటివరకు ఎగిరిన గంటలు, వచ్చే 12 నెలల్లో ఎగరబోయేవి, విమానం రకం, ఎస్‌పీఎల్ (స్టూడెంట్ పైలట్ లైసెన్స్) ఉందా, రాత్రి ఫ్లయింగ్ ఉందా, ఏరోబాటిక్స్ (గాల్లో విన్యాసాలు) చేస్తారా, ఇవే అడుగుతారు. ఇంకా మొదలుపెట్టలేదు కదా అని సున్నా రాసి వదిలేస్తారు చాలామంది. ఎగిరింది సున్నా, ఎగరబోయేది స్కూల్ ఇచ్చిన షెడ్యూల్ ప్రకారం ఎన్నో, రెండూ రాయాలి. కోర్సు చివర్లో రెండింజన్ల విమానం ఉంటే అదీ రాయాలి.

సంపాదన లేని విద్యార్థికి పెద్ద కవర్ అంత తేలిగ్గా ఇవ్వరు. తల్లిదండ్రుల ఆదాయం, వాళ్లకున్న పాలసీలు అడుగుతారు. అడ్మిషన్ లెటర్, ఫీజు వివరం, లోన్ శాంక్షన్ లెటర్ జత చేస్తే ఇంత కవర్ ఎందుకో వాళ్లకి అర్థమవుతుంది. ఎక్కడా కుదరకపోతే సరళ్ జీవన్ బీమా అడగండి. 2021 నుంచి జీవిత బీమా కంపెనీలు ఒకే రూపంలో అమ్ముతున్న ప్రామాణిక టర్మ్ పాలసీ ఇది. 5 నుంచి 25 లక్షల వరకు. వృత్తి, చదువు, నివాసం మీద ఆంక్షలు లేకుండా ఇవ్వాలన్నది దాని నిబంధన, ఆత్మహత్య తప్ప వేరే మినహాయింపూ లేదు. మొదటి 45 రోజుల్లో ప్రమాద మరణానికి మాత్రమే పూర్తి కవర్. దీని పేరు ఏజెంట్లు తమంతట తాము ఎత్తడం తక్కువ. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల పీఎంజేజేబీవై (ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన) కూడా పెట్టేయండి, మొదటి 30 రోజులు దాటాక ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. పెద్ద మొత్తమేం కాదు, కానీ ఆ ధరకి వదులుకోవడం దండగ.

ఇప్పుడు లోన్. 50 లక్షల లోన్‌కి 50 లక్షల కవర్ చాలదు. కోర్సు కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదాలుండవు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 11 శాతం అనుకుని మొత్తం ఒకేసారి తీసుకున్నట్టు లెక్కేస్తే ఏడాదికి 5.5 లక్షలు, మూడేళ్లకి 16.5 లక్షలు. ఫీజు విడతలుగా విడుదలవుతుంది కాబట్టి అసలు లెక్క కొంత తగ్గుతుంది, అయినా ఈఎంఐ మొదలయ్యే రోజుకి బాకీ 60 లక్షలు దాటడం మామూలే. 75 లక్షలు అన్నది అందుకే. బ్యాంకు కౌంటర్లో అంటగట్టే లోన్ ఇన్సూరెన్స్‌కి ప్రీమియం మొత్తం ఒకేసారి, అదీ లోన్‌లోనే కలిపేస్తారు, దాని మీదా వడ్డీ. కవర్ బాకీతో పాటు తగ్గిపోతుంది. పైగా అది గ్రూప్ పాలసీ, అంటే అప్పు తీసుకున్నవాళ్లందరికీ కలిపి బ్యాంకు పేరున ఉండేది. ఒక పేజీ ఆరోగ్య డిక్లరేషన్ మీద సంతకం పెట్టిస్తారు, ఫ్లయింగ్ గురించి అడగనే అడగరు, మినహాయింపులు మాత్రం మీకు చూపించని మాస్టర్ పాలసీలో ఉంటాయి. వాళ్లు చూపించిన కంపెనీదే కొనాలన్న రూలు లేదు. బయట తీసుకున్న టర్మ్ పాలసీని బ్యాంకుకి అసైన్ చేస్తామని (పాలసీ హక్కు రాసిస్తామని) చెప్పండి. అప్పు కోసం చేసిన అసైన్‌మెంట్ నామినేషన్‌ని రద్దు చేయదు, బ్యాంకు తన బాకీ తీసుకుని మిగతాది నామినీకి పోతుంది.

ఇంకో మాట చెప్పాలి. ఈ ఇంట్లో ముందుగా ఇన్సూరెన్స్ కావలసింది తమ్ముడికి కాదు, నాన్నగారికి. లోన్ ఆయన ఆదాయం మీద వస్తోంది, తమ్ముడికి ఉద్యోగం దొరికేదాకా తీర్చేదీ ఆయనే. ట్రైనింగ్ మధ్యలో ఆయనకేమైనా అయితే ఫీజు ఆగిపోతుంది, అప్పటికి సగం గంటలే అయి ఉంటాయి. యాభై దాటిన వయసులో ప్రీమియం ఎక్కువే, కానీ ఏవియేషన్ తలనొప్పి ఉండదు. కుటుంబంలో కిడ్నీ జబ్బుల గురించి అడుగుతారు. ఉద్దానం వైపు నుంచి వచ్చిన కుటుంబమైతే ఆయన క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకుని ఉన్నదున్నట్టు రాయండి.

నామినీ. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు చట్టప్రకారం వాళ్లదే. అన్నదమ్ములైతే వారసుల తరఫున తీసుకుని పంచేవాడు మాత్రమే. అందుకే అమ్మగారు. పేర్ల దగ్గర మనవాళ్లకి ఉండే తంటా తెలిసిందే: ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా బోర్డు మెట్రిక్ సర్టిఫికెట్లో అది చివరికి పోతుంది, స్పెల్లింగ్ గుమాస్తా విన్నట్టు ఉంటుంది. మహారాష్ట్రలో ఏ కాగితం పుట్టినా తండ్రి పేరు నడుమకొచ్చి చేరుతుంది. మెట్రిక్, ఆధార్, పాస్‌పోర్ట్, డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) రికార్డు, పాలసీ, అన్నిట్లో ఒకే పేరు, ఒకే వరస ఉండేలా ఇప్పుడే సరిచేయించండి. అమ్మగారి ఆధార్‌లో పేరూ, పాలసీలో నామినీ పేరూ కూడా కలవాలి.

స్కూల్‌ని అడగాల్సినవి వేరే. హల్ ఇన్సూరెన్స్ (విమానానికే జరిగే నష్టానికి), థర్డ్ పార్టీ కవర్ వాళ్లకి ఉంటాయి. మీకు కావలసింది లోపల కూర్చున్న ట్రైనీకి ఏముందని. సీటుకి ఎంత పర్సనల్ యాక్సిడెంట్ కవర్, సోలోలో (ఒంటరిగా) ఎగిరే ట్రైనీకి అది వర్తిస్తుందా, శాశ్వత వైకల్యానికి ఎంత, హాస్పిటల్ ఖర్చుందా అని ఈమెయిల్‌లో అడిగి పాలసీ కాపీ తీసుకోండి. "అన్నీ ఉన్నాయి" అని ఫోన్లో చెప్పిన మాటకి విలువ లేదు. ట్రైనింగ్ అగ్రిమెంట్‌లో డ్యామేజీ క్లాజు చదవండి. హల్ పాలసీలో కంపెనీ ఇవ్వని మొదటి భాగాన్ని, అంటే ఎక్సెస్‌ను, విద్యార్థి నుంచి వసూలు చేస్తామని కొన్నిట్లో ఉంటుంది. హార్డ్ ల్యాండింగ్‌లో ప్రొపెల్లర్ తగిలితే ఇంజన్ విప్పి చూడాలి, బిల్లు లక్షల్లో ఉంటుంది. అలాగే ఎస్‌పీఎల్, మెడికల్ సర్టిఫికెట్, ఎఫ్‌ఆర్‌టీఓఎల్ (విమాన రేడియో వాడే లైసెన్స్), వీటిలో ఒక్కటి గడువు దాటినా ఆ ఫ్లైట్‌కి ఇన్సూరెన్స్ ప్రశ్నార్థకమే. తేదీలు కుర్రాడే చూసుకోవాలి, స్కూల్ ఆఫీసు మీద వదిలేయకూడదు.

మరణం కంటే ఎక్కువగా జరిగేది, ఎవరూ అడగనిది మెడికల్ అన్‌ఫిట్. పైలట్లకి లాస్ ఆఫ్ లైసెన్స్ (ఆరోగ్యం చెడి లైసెన్స్ పోతే డబ్బిచ్చే) పాలసీలున్నాయి, కానీ అవి లైసెన్స్ వచ్చి ఉద్యోగంలో ఉన్నవాళ్లకి, ఎక్కువగా ఎయిర్‌లైన్ గ్రూప్‌లో. ఇంకా లైసెన్సే లేని ట్రైనీకి కాదు. ట్రైనీకి ఉన్న రక్షణ ఒకటే: ట్రైనింగ్ మొదలుపెట్టడానికి సరిపోయే క్లాస్ 2 మెడికల్ మాత్రమే కాదు, సీపీఎల్‌కి కావలసిన క్లాస్ 1 మెడికల్ కూడా ఫీజు కట్టకముందే పాస్ కావడం. క్లాస్ 2 పాసై 20 లక్షలు కట్టేశాక క్లాస్ 1లో టెంపరరీ అన్‌ఫిట్ పడితే నెలలు పోతాయి, ఫీజు వెనక్కి రాదు. ఈ మెడికల్ పరీక్షల్లో చెప్పిన పాత ఆపరేషన్లు, జబ్బులే పాలసీ ఫారంలోనూ ఉండాలి, తేడా ఉండకూడదు. స్కూల్ మూతపడినా, విమానాలు నేలమీద నిలిచిపోయినా కట్టిన ఫీజుకి ఇన్సూరెన్స్ లేదు. కాబట్టి డిస్కౌంట్ ఇస్తామన్నా మొత్తం ఒకేసారి కట్టకండి, గంటల లెక్కన విడతలే మంచిది.

హెల్త్ పాలసీ ఫ్యామిలీ ఫ్లోటర్‌లో ఉంటే పిల్లలకి మామూలుగా 25 ఏళ్ల దాకా నడుస్తుంది. మీకు విశాఖ హాస్పిటళ్లు నెట్‌వర్క్‌లో ఉన్నాయేమో చూసుకుని ఉంటారు, ఇప్పుడు గోండియా, నాగపూర్ కూడా చూడండి. మినహాయింపుల్లో సాహస క్రీడల పక్కన ఫ్లయింగ్ మాట ఉందేమో చదవండి, ఉంటే కంపెనీకి రాసి జవాబు తెప్పించుకోండి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. పాత కొటేషన్ చూపించి 18 శాతం కలిపితే అడగండి. మొదటి ప్రీమియం తానే కడతానని ఏజెంటు అంటే ఒప్పుకోకండి, అది సెక్షన్ 41 కింద నేరం. క్లెయిమ్ దగ్గర పేచీ వస్తే ముందు కంపెనీ, తర్వాత బీమా భరోసా పోర్టల్, ఆ పైన ఒడిశా వాళ్లకి భువనేశ్వర్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్.

చివరిగా, ఇప్పుడు ఫారాలు ఏజెంటు తన ట్యాబ్‌లో నింపి మీ ఫోన్‌కి ఓటీపీ పంపిస్తాడు. ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టినట్టే. చెప్పేముందు మొత్తం పీడీఎఫ్ తెప్పించుకుని తమ్ముడి చేత చదివించండి. పాలసీ వచ్చాక లోపల ప్రపోజల్ కాపీ ఉంటుంది, వృత్తి గడిలో ఏముందో, ఏవియేషన్ ప్రశ్నకి అవునని ఉందో కాదని ఉందో చూడండి. కాదని ఉంటే పాలసీ అందిన 30 రోజుల ఫ్రీ లుక్‌లోపు కంపెనీకే నేరుగా రాసి సరిచేయించండి. వాళ్లు ఒప్పుకోకపోతే పాలసీ తిప్పి పంపేయండి, మెడికల్ పరీక్షలు, స్టాంపు, ఆ కొద్ది రోజుల ఖర్చు పోను మిగతా ప్రీమియం వెనక్కి వస్తుంది.